టౌన్ హాల్ 9 వార్ బేస్: 250 గోడలతో మూడో స్టార్‌ను ఆపే లేఅవుట్

క్లాష్ ఆఫ్ క్లాన్స్ మొబైల్ గేమ్‌లో ఎదుటివాడి ఊరి (బేస్) మీద అటాక్ చేసినప్పుడు సగం భవనాలు కూలితే ఒక స్టార్, టౌన్ హాల్ అనే ముఖ్య భవనం పడితే ఇంకోటి, నూరు శాతం నేలమట్టమైతే మూడోది. టౌన్ హాల్ 9వ లెవెల్ దగ్గర అటాక్ చేసేవాడికి హీరోలు, చేతినిండా స్పెల్స్ ఉంటాయి. మొదటి రెండు స్టార్లు వాడు ఎలాగూ తీసుకుంటాడు. వాటి కోసం బేస్ మొత్తాన్ని టౌన్ హాల్ చుట్టూ ముడిచిపెడితే మూడోది కూడా పోతుంది. అందుకే ఈ లేఅవుట్‌లో టౌన్ హాల్‌ను ఒక మూలకు జరిపి, బలాన్నంతా మిగిలిన చోట దాచిపెడతాం. వాడు టౌన్ హాల్ వైపునుంచి దిగితే అవతలి మూలకు చేరేసరికి మూడు నిమిషాల టైమ్ అయిపోవాలి. అవతలినుంచి దిగితే సగం దారిలోనే ట్రూప్స్ అయిపోవాలి.

ముందు ఒక లెక్కల నోటుపుస్తకం తీసుకోండి, గళ్ళున్నది. ఫోన్ తెర మీద వేలితో జరుపుతూ గీసే బేస్‌లో గోడలు ఎప్పుడూ తక్కువ పడతాయి. కాగితం మీద లెక్క చూసుకుని తర్వాత లేఅవుట్ ఎడిటర్‌లో పెట్టుకుంటే పది నిమిషాల పని.

గేమ్‌లో మనం కట్టుకునే స్థలం 44×44 గళ్ళు. ఫిరంగి, ఆర్చర్ టవర్, మోర్టార్, విజార్డ్ టవర్, ఎయిర్ డిఫెన్స్, ఎక్స్-బో, స్టోరేజీలు, క్లాన్ కాజిల్ అన్నీ 3×3. టౌన్ హాల్, ఆర్మీ క్యాంపులు 4×4. హిడెన్ టెస్లా, ఎయిర్ స్వీపర్, జెయింట్ బాంబు, బిల్డర్ గుడిసె 2×2. స్ప్రింగ్ ట్రాప్ (మీదికొచ్చినవాళ్ళను ఎగరగొట్టేది), చిన్న బాంబు ఒక్కో గడి. టౌన్ హాల్ 9లో 250 గోడ ముక్కలు, 5 ఫిరంగులు, 6 ఆర్చర్ టవర్లు, 4 మోర్టార్లు, 4 విజార్డ్ టవర్లు, 4 ఎయిర్ డిఫెన్స్‌లు, 2 స్వీపర్లు, 4 టెస్లాలు, 2 ఎక్స్-బోలు ఉంటాయి. ఈ లెక్క దగ్గర పెట్టుకోండి.

గోడల పొదుపు

ఒక 3×3 భవనం చుట్టూ గోడ కట్టాలంటే 16 ముక్కలు కావాలి. రెండిటికి విడివిడిగా కడితే 32. పక్కపక్కన పెట్టి నడిమి గోడ ఒకటే ఉంచితే 27 సరిపోతాయి, 5 మిగులుతాయి. బేస్ అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఒక్కో భవనానికి ఒక్కో గోడ కట్టుకుంటూ పోతే సగం డిఫెన్స్‌లకే 250 అయిపోతాయి.

పొలంలో గట్టు నీళ్ళను ఎటు మళ్ళిస్తే అటు పోతాయి. ఇక్కడ గోడ పనీ అదే. వాల్ బ్రేకర్లు ఎలాగూ పగలగొడతాయి, హాగ్ రైడర్లు దూకేస్తాయి, మైనర్లు కిందనుంచి పోతాయి, డ్రాగన్లకు గోడలతో పనే లేదు. కానీ ఒకచోట గోడ పగిలినప్పుడు ఎన్ని కంపార్ట్‌మెంట్లు (గోడల నడుమ గదులు) తెరుచుకుంటాయి అన్నది మన చేతిలో ఉంది. నాలుగు కంపార్ట్‌మెంట్లు ఒకే బిందువు దగ్గర కలిస్తే, ప్లస్ గుర్తులాగా, అక్కడ గోడలు దాటించే జంప్ స్పెల్ ఒక్కటి వేసి నాలుగిటిలోకీ దిగుతారు. గోడలు కూల్చే ఎర్త్‌క్వేక్ స్పెల్స్ నాలుగు వేసినా అంతే. ఇటుకల కట్టుబడిలో మేస్త్రీ అతుకు మీద అతుకు పడనివ్వడు కదా, గోడలు కూడా అలాగే వేయాలి.

ఇక గీయండి. కాగితం మీద 22×22 చదరం తీసుకుని నిలువు వరసలకు ఎడమనుంచి 1 నుంచి 22 వరకు, అడ్డ వరసలకు పైనుంచి 1 నుంచి 22 వరకు అంకెలు వేసుకోండి. గేమ్‌లో మ్యాప్ వజ్రం ఆకారంలో వాలి కనిపిస్తుంది కాబట్టి ఏదో ఒక మూలను మొదలుగా అనుకుంటే చాలు.

అడ్డ వరసలు 1, 8, 15, 22 మొత్తం గోడ. నిలువు వరసలు 1, 22 కూడా పైనుంచి కింద దాకా గోడ. ఇప్పుడు మూడు పట్టీలు వచ్చాయి కదా. పై పట్టీలో 5, 12 నిలువు వరసల దగ్గర అడ్డుగోడలు వేయండి. మధ్య పట్టీలో 8, 15 దగ్గర. కింది పట్టీలో 11, 18 దగ్గర. దీంతో 160 ముక్కలు అవుతాయి, తొమ్మిది కంపార్ట్‌మెంట్లు వస్తాయి, లోపల ఎక్కడా ప్లస్ గుర్తు రాదు, అన్నీ టీ ఆకారాలే. మూల ముక్కలు వదలకండి. గోడ ముక్కలు మూల మూల ఎదురైతే అతుక్కోవు, పక్కపక్కన ఉంటేనే గోడ కలుస్తుంది.

తర్వాత బయటి జేబులు. పెద్ద చదరం గోడకు ఆనుకుని బయటికి 3×6 జాగా ఉండే జేబు కట్టాలంటే 14 ముక్కలు చాలు, నాలుగో వైపు పెద్ద గోడే పనికొస్తుంది. ఇలాంటివి ఆరు. పైన ఒకటి 8 నుంచి 13 నిలువు వరసల ఎదుట, కింద ఒకటి 9 నుంచి 14 ఎదుట. ఎడమ, కుడి పక్కల రెండేసి: అడ్డ వరసలు 4 నుంచి 9 దాకా ఒకటి, 13 నుంచి 18 దాకా ఒకటి. ఈ జేబుల పక్క గోడలు లోపలి అడ్డుగోడల ఎదురుగా రావు, అందుకే ఈ అంకెలు. ఒక వరస అటూ ఇటూ జరిపితే పర్వాలేదు, కానీ పై జేబును 6 నుంచి 11కి జరిపితే దాని పక్క గోడలు సరిగ్గా 5, 12 మీద పడి లోపలి అడ్డుగోడలతో కలుస్తాయి. అక్కడ పేలిన వాల్ బ్రేకర్ జేబునూ లోపలి గదినీ ఒకేసారి తెరుస్తుంది.

ఆరు జేబులకు 84. మొత్తం 244. మిగిలిన 6 ముక్కలతో పై పట్టీ కుడి చివర ఉన్న పెద్ద కంపార్ట్‌మెంట్‌లో 16వ నిలువు వరస దగ్గర ఒక అడ్డుగోడ వేయండి. సరిగ్గా 250.

ఎయిర్ డిఫెన్స్‌లు: ఇక్కడే చాలా బేస్‌లు పోతాయి

ఎయిర్ డిఫెన్స్ రేంజ్ 10 గళ్ళు. నాలుగిటినీ నాలుగు మూలల్లో పెట్టడం అలవాటు, చూడ్డానికి కూడా బాగుంటుంది. కానీ రెండు ఎయిర్ డిఫెన్స్‌ల మధ్య 10 గళ్ళు దాటితే ఒకదాన్ని డ్రాగన్లు కాలుస్తుంటే రెండోది చూస్తూ ఊరుకుంటుంది. 22×22 చదరంలో మూలల గదుల లోపలి చివర్లకు జరిపినా వాటి మధ్య దూరం 11 వస్తుంది. ఒక్క గడి తేడాలో బేస్ మొత్తం పోతుంది.

కాబట్టి మూలలు వదిలి నాలుగు పక్కల గదుల్లో గాలిపంకా రెక్కల్లా పెట్టండి. పైన: నిలువు 9–11, అడ్డం 5–7. కుడి: నిలువు 16–18, అడ్డం 9–11. కింద: నిలువు 12–14, అడ్డం 16–18. ఎడమ: నిలువు 5–7, అడ్డం 12–14. ఇప్పుడు పక్కపక్క ఎయిర్ డిఫెన్స్‌ల మధ్య దూరం 8 గళ్ళ పైచిలుకు మాత్రమే. దేన్ని కొట్టినా ఇంకో రెండు తిరిగి కొడతాయి. నాలుగూ వేర్వేరు గదుల్లో ఉన్నాయి కాబట్టి ఒకేచోట లైట్నింగ్ స్పెల్స్ కుమ్మరించి రెండిటిని తీయడం కుదరదు.

ఒక్కో ఎయిర్ డిఫెన్స్ గది 6×6, అంటే నాలుగు భవనాల జాగా. ఎయిర్ డిఫెన్స్‌కు ఎదురు మూలలో విజార్డ్ టవర్ పెట్టండి, పక్కనే వద్దు. విజార్డ్ టవర్ రేంజ్ 7 కాబట్టి అక్కడినుంచే కాపాడుతుంది, గుంపుగా వచ్చే బెలూన్లకు దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. మిగిలిన రెండు చోట్లలో లోపలి వైపుది మోర్టార్‌కు. 4 గళ్ళ లోపలికి వచ్చినవాడిని మోర్టార్ కొట్టలేదు, అందుకే అది బయటి వరసలో ఉంటే దండగ. బయటి వైపు నాలుగో జాగా ఖాళీగా ఉంచండి. అందులో 2×2 జెయింట్ బాంబు పెట్టినా ఇంకా ఐదు గళ్ళు మిగులుతాయి, స్ప్రింగ్ ట్రాప్‌లకు.

నడిమి గది

కోర్‌లో రెండు ఎక్స్-బోలు ఎదురెదురు మూలల్లో, క్లాన్ కాజిల్ మూడో మూలలో, ఆర్చర్ క్వీన్ అనే హీరో నాలుగో మూలలో. ఎక్స్-బో నేల మీదివాళ్ళకే పెడితే రేంజ్ 14 గళ్ళు, గాలికీ నేలకూ కలిపి పెడితే 11.5. నడిమిలో ఉంటే రెండో మోడ్‌లో కూడా దాదాపు గోడల దాకా అందుతుంది. రెండిట్లో ఒకటి తప్పకుండా గాలి మోడ్‌లో ఉండాలి, టౌన్ హాల్ వైపున్నది. ఎందుకో స్వీపర్ల దగ్గర తెలుస్తుంది.

క్లాన్‌వాళ్ళు ఇచ్చిన ట్రూప్స్ ఉండే క్లాన్ కాజిల్‌ను కోర్‌లో ఎందుకు పెడతామంటే, దాన్ని తట్టినప్పుడు కనిపించే వలయం బేస్ అంచు దాటకూడదు. అంచు దాటితే అటాకర్ ఒక్క ఆర్చర్‌ను దింపి లోపలివాళ్ళను బయటికి లాగి, మూలకు తీసుకుపోయి చంపుతాడు. టౌన్ హాల్ 9లో కాజిల్ నిండా 30 జాగా. ఇద్దరు విచ్‌లు, ఆరుగురు ఆర్చర్లు చాలామంది అడిగే జత. కానీ ఒక్క పాయిజన్ స్పెల్‌తో ఆ గుంపు సగం చల్లారిపోతుంది. ఒక డ్రాగన్, రెండు బెలూన్లు అడగడం మేలు. హాగ్‌లతో వచ్చేవాడి దగ్గర గాల్లోకి కొట్టేవాళ్ళు తక్కువ ఉంటారు, డ్రాగన్ కోసం క్వీన్‌ను ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

టౌన్ హాల్, స్టోరేజీలు, స్వీపర్లు

టౌన్ హాల్ పై కుడి మూలలో: నిలువు 18–21, అడ్డం 2–5. దాని కింద రెండు అడ్డ వరసల్లో రెండు టెస్లాలు సరిగ్గా పడతాయి. శత్రువు 6 గళ్ళ దగ్గరికి వస్తేనో, బేస్ 51 శాతం కూలితేనో టెస్లా బయటపడుతుంది. అప్పటిదాకా అటాకర్ కంటికి ఇక్కడ టౌన్ హాల్ ఒక్కటే కనిపిస్తుంది. అడ్డుగోడకు ఇటుపక్క 13–15 నిలువు వరసల్లో రెండు స్టోరేజీలు.

కింది ఎడమ చివర ఉన్న 9×6 గది ఈ బేస్‌కు అసలు బలం. నాలుగు స్టోరేజీలు, మిగిలిన రెండు టెస్లాలు ఇక్కడే. వార్‌లో స్టోరేజీ దోచుకుపోవడం ఉండదు, అది కేవలం పడగొట్టడానికి చాలాసేపు పట్టే భవనం. టౌన్ హాల్ వైపునుంచి దిగినవాడు చివరికి ఇక్కడికే చేరతాడు, అప్పటికి గడియారంలో అర నిమిషం కూడా ఉండదు.

పై ఎడమ చివర ఒక స్వీపర్, ఒక స్టోరేజీ. కింది కుడి చివర కూడా అంతే. డార్క్ ఎలిగ్జిర్ స్టోరేజీ వీటిలో ఎక్కడైనా పర్వాలేదు. స్వీపర్ రేంజ్ 15 గళ్ళు, 120 డిగ్రీల వెడల్పులో గాలి ఊది ఎగిరేవాళ్ళను వెనక్కి నెడుతుంది, దెబ్బ మాత్రం కొట్టదు. పై ఎడమది ఎడమవైపు చూడాలి, కింది కుడిది కిందకు చూడాలి. అప్పుడు గాలి అటాక్‌కు మిగిలేది పై కుడి దారి ఒక్కటే. అటాకర్ స్వీపర్ వీపు వైపునుంచే వస్తాడు, అది అందరికీ తెలిసిన పాఠం. ఆ దారిలో గాలి మోడ్ ఎక్స్-బో ఒకటి, రెండు టెస్లాలు, పై, కుడి ఎయిర్ డిఫెన్స్‌లు ఎదురు చూస్తుంటాయి. ఎగిరేవాళ్ళ మీదికి పోయి పేలే సీకింగ్ ఎయిర్ మైన్లలో సగం ఇక్కడ, టౌన్ హాల్‌కూ ఆ ఎయిర్ డిఫెన్స్‌లకూ నడుమ.

ఇక జేబులు. ఐదు జేబుల్లో ఒక్కో ఫిరంగి, ఒక్కో ఆర్చర్ టవర్. ఆరో దాంట్లో ఆర్చర్ టవర్, చివరి స్టోరేజీ. ఫిరంగికి 9 గళ్ళు, నేల మీదివాళ్ళే. ఆర్చర్ టవర్‌కు 10, ఇద్దరికీ పనిచేస్తుంది.

ట్రాప్‌లు

హాగ్ రైడర్ ఒక డిఫెన్స్ పడ్డాక దగ్గరలో ఉన్న ఇంకో డిఫెన్స్‌కు తిన్నగా పోతుంది, గోడ ఉన్నా లేకున్నా. ఆ తిన్నని గీతే మనకు కావాల్సింది. పై జేబులో ఫిరంగి పడింది అనుకోండి. అక్కడినుంచి ఎయిర్ డిఫెన్స్‌కు స్కేలుతో గీత గీస్తే, నిలువు 9–11, అడ్డం 2–4లో వదిలిన ఖాళీ జాగా మీదుగా పోతుంది. బాంబు అక్కడే. స్ప్రింగ్ ట్రాప్ గోడకు లోపలివైపు ఆనుకుని అదే గీత మీద. నాలుగు గదుల్లోనూ ఇదే పద్ధతి, స్కేలు పెట్టి గీసి చూడండి. స్ప్రింగ్ ట్రాప్ హీరోల మీద పనిచేయదు, కాబట్టి క్వీన్ వస్తుందనుకున్న దారిలో పెట్టి వృథా చేయకండి.

ఇంకో సంగతి. బేస్‌లో 2×2 ఖాళీ కనిపిస్తే అటాకర్ అక్కడ బాంబో టెస్లానో ఉందని పసిగడతాడు. అన్ని గదుల్లోనూ అలాంటి ఖాళీలు కొన్ని ఉంటే ఏది నిజమో తెలియదు. మన నాలుగు గదుల్లోనూ ఒకే రకం ఖాళీ ఉంది. జెయింట్ బాంబులను రెండేసి చొప్పున రెండు గదుల్లోనే పక్కపక్కన పెట్టి, మిగతా రెండు గదుల్లో చిన్న బాంబులు, అస్థిపంజరాలు లేచే స్కెలిటన్ ట్రాప్‌లు పెడితే ఇంకా నయం. రెండు జెయింట్ బాంబులు 2×4 జాగా తీసుకుంటాయి, కాబట్టి ఆ రెండు గదుల్లో విజార్డ్ టవర్‌ను కింది ఎడమ గదిలోకి జరిపి, అక్కడి టెస్లాను ఇటు తెచ్చుకోవాలి. ఒక దెబ్బకు బతికిన హాగ్‌లు రెండో దెబ్బకు బతకవు. గాయాలు మాన్పే హీలర్లకు కూడా టైమ్ చాలదు.

క్వీన్ వాక్, అంటే హీలర్ల తోడుతో క్వీన్ నడుస్తూ కొట్టుకుపోవడం, ఈ బేస్‌కు నిజమైన పరీక్ష. క్వీన్ 5 గళ్ళ దూరంనుంచి కొడుతుంది, వెనక హీలర్లు బయటే తిరుగుతుంటాయి. ఎయిర్ డిఫెన్స్‌లు లోపల ఉన్నాయి కాబట్టి జేబుల అవతలి హీలర్లకు అందవు. ఆ లోటును ఆర్చర్ టవర్లు, మిగిలిన సీకింగ్ ఎయిర్ మైన్లు పూడ్చాలి. మైన్లను బయటి భవనాల వరసలో, జేబుకూ జేబుకూ నడుమ వంపుల్లో పెట్టండి. స్కెలిటన్ ట్రాప్‌లు గ్రౌండ్ మోడ్‌లో ఉంటే క్వీన్ అటు తిరిగి కొంతసేపు బాణాలు వృథా చేస్తుంది.

బయటి వరస

జేబులతో కలిపి మన బేస్ 30×30 అయింది, చుట్టూ 7 గళ్ళ చొప్పున మిగిలింది. క్యాంపులు, బ్యారక్‌లు, కలెక్టర్లు, గనులు అన్నీ అక్కడే. నాలుగు క్యాంపులు నాలుగు పక్కలకు ఒక్కొక్కటి. అటాకర్ లోపలికి పోయే ముందు రెండు పక్కల భవనాలు తీసి దారి చేసుకుంటాడు, దాన్నే ఫనెల్ అంటారు. బయటి భవనాలు జేబుల్లోని టవర్ల రేంజ్‌లో ఉంటే ఆ పని ఒకరిద్దరు విజార్డ్‌లతో అవ్వదు, ఎక్కువ ట్రూప్స్ పెట్టాలి. భవనానికీ భవనానికీ రెండు గళ్ళకు మించి ఎడం ఉంచకండి. మూడు గళ్ళయితే నడిమి గడిలో ట్రూప్స్‌ను దింపొచ్చు. బిల్డర్ గుడిసెలు మ్యాప్ మూలల్లోకి నెట్టేయండి. 98 శాతం దగ్గర టైమ్ అయిపోయే అటాక్‌లు చాలావరకు ఆ గుడిసెల వల్లే.

పెట్టాక చూసుకోవాల్సినవి

లేఅవుట్ సేవ్ చేసేముందు ఎక్స్-బో మోడ్, స్వీపర్ దిశ, స్కెలిటన్ ట్రాప్ మోడ్ మూడూ మళ్ళీ తట్టి చూడండి. లింక్‌తో కాపీ చేసిన బేస్‌లలో ఎక్కువగా తప్పేది ఇవే. కొత్త భవనం కొన్నప్పుడు ఊరి బేస్‌లో పెట్టి వార్ బేస్‌లో మరిచిపోతే ఆ లేఅవుట్ అసంపూర్ణంగా ఉండిపోతుంది. వార్‌లో అప్‌గ్రేడ్‌లో ఉన్న డిఫెన్స్ పాత లెవెల్‌తో పనిచేస్తుంది కాబట్టి ఎక్స్-బో అప్‌గ్రేడ్ వార్ కోసం ఆపాల్సిన పని లేదు.

తర్వాత క్లాన్‌లో ఫ్రెండ్లీ ఛాలెంజ్ పెట్టి ముగ్గురిని అడగండి: ఒకరు హాగ్‌లతో, ఒకరు డ్రాగన్లు లేదా లావా హౌండ్ బెలూన్లతో, ఒకరు క్వీన్ వాక్‌తో. ఎన్ని స్టార్లు వచ్చాయన్నది పక్కన పెట్టి రీప్లే నెమ్మదిగా చూడండి. ఎటునుంచి దిగారు, క్లాన్ కాజిల్ ట్రూప్స్ ఏ నిమిషంలో బయటికొచ్చాయి, పేలని ట్రాప్‌లు ఏవి. మూడు అటాక్‌లలోనూ పేలని స్ప్రింగ్ ట్రాప్ తప్పు గడిలో ఉన్నట్టే. హాగ్‌లు వెళ్ళిన గీత మీదికి ఒక గడి జరపండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, కాబట్టి ఒక్కటి మార్చి మళ్ళీ ఛాలెంజ్ పెట్టండి.

అదే క్లాన్‌తో మళ్ళీ వార్ పడితే బేస్‌ను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టుకోవచ్చు. టౌన్ హాల్ పై ఎడమకు, పెద్ద గది కింది కుడికి. గోడల లెక్క 250 అలాగే ఉంటుంది, ఎయిర్ డిఫెన్స్‌ల దూరాలూ మారవు. స్వీపర్ల దిశ మాత్రం చేత్తో మార్చుకోవాలి.